ఇంటి వైఫైలో పిలవని వాళ్లు: అన్ని దారులూ వాడి చూశాక

ముందే చెప్పేస్తాను. మన వైఫైని మనకు చెప్పకుండా వాడుకునేవాళ్లను బయటికి పంపడానికి రౌటర్‌లో కనిపించే దారుల్లో బ్లాక్‌లిస్ట్, అంటే తెలియని ఫోన్లను ఒక్కోటీ ఆపే జాబితా, దాదాపు దండగ. పాస్‌వర్డ్ మార్చడం పనిచేస్తుంది. కానీ దానికి గెస్ట్ నెట్‌వర్క్, అంటే బయటివాళ్ల కోసం విడిగా పెట్టే వైఫై, తోడు లేకపోతే కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తుంది. మాది నల్లగొండ. కింద మేముంటాం, పైన రెండు వాటాల్లో కిరాయికి ఉండేవాళ్లు, పక్కింటికీ మాకూ మధ్య ఒక్క గోడ. ఇట్లాంటి ఇంట్లో ఇన్నాళ్లు వాడి చెబుతున్న మాట ఇది. చుట్టూ ఖాళీ జాగా ఉండి విడిగా ఉండేవాళ్లకు ఇందులో సగం అక్కర్లేదు.

నాది రెండున్నర వేలలోపు దొరికే మామూలు రెండు బ్యాండ్ల రౌటర్, అంటే రెండు రకాల సిగ్నల్ ఇచ్చేది. ఫైబర్ వాళ్లిచ్చిన డబ్బాకు తగిలించుకుని వాడుతున్నాను. కంపెనీ పేరుతో పని లేదు. ఈ ధరలో దొరికే చాలా రౌటర్లలో ఇవే సౌకర్యాలుంటాయి, మెనూలో పేర్లే వేరు.

అసలు వీళ్లు ఎట్లా దూరుతారు? హ్యాకింగ్ లాంటి పెద్ద విద్యలు మా గల్లీలో ఎవరికీ అవసరం పడలేదు. కనెక్షన్ పెట్టడానికి వచ్చిన పిల్లగాడు నెట్‌వర్క్‌కు ఇంటాయన పేరు, పాస్‌వర్డ్‌కు ఇంటాయన ఫోన్ నంబర్ పెట్టి పోతాడు. ఆ నంబర్ గేటుకు కట్టిన టు లెట్ బోర్డు మీద అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. బోర్డు లేకపోయినా ఫోన్ నంబర్ మంచి పాస్‌వర్డ్ కాదు. మన దగ్గర మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం 400 కోట్ల అవకాశాలే. చాలా ఇళ్లలో వైఫైకి ఉండే తాళం పద్ధతి పేరు డబ్ల్యూపీఏ2. అట్లాంటి నెట్‌వర్క్‌లో ఒక ఫోన్ కనెక్ట్ అయ్యే క్షణాన్ని రికార్డు చేసుకున్నవాడు ఇంటికి పోయి తీరిగ్గా ఒక్కో నంబరూ సరిచూసుకోవచ్చు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కు అది గంటల్లో అయ్యే పని.

అంతకంటే సులువైన దారి క్యూఆర్ కోడ్. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి వైఫై సెట్టింగుల్లో షేర్ అనే మీట ఉంటోంది. నొక్కితే కోడ్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ కూడా అక్షరాలా కనిపిస్తుంది. ఐఫోన్లలో 2017 నాటి ఐఓఎస్ 11 నుంచే పక్కనున్న కాంటాక్టుకు ఒక్క నొక్కుతో పంపొచ్చు. అంటే పైవాటా అబ్బాయికి ఒకసారి పాస్‌వర్డ్ ఇస్తే అతని దోస్తులకూ, ఆ దోస్తుల తమ్ముళ్లకూ ఇచ్చినట్టే. సాయంత్రం ఐపీఎల్ మొదలయ్యే వేళకు మా టీవీలో చక్రం తిరుగుతూ ఉండేది అందుకే.

ఎవరెవరు ఉన్నారో చూడటానికి రౌటర్ సొంత పేజీకి మించినది లేదు. బ్రౌజర్‌లో 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ కొడితే తెరుచుకుంటుంది. ఏ నంబరో రౌటర్ అడుగున స్టిక్కర్ మీదుంటుంది. ఫింగ్ లాంటి ఫోన్ యాప్‌లూ పెట్టి చూశాను. జాబితా అందంగా చూపిస్తాయి. అయితే ఐఫోన్‌లో ఐఓఎస్ 11 నుంచి ఇతర పరికరాల మ్యాక్ అడ్రస్‌లు యాప్‌లకు కనబడవు కాబట్టి అక్కడ వాటి ఉపయోగం తక్కువ. మ్యాక్ అడ్రస్ అంటే ప్రతి పరికరానికీ ఉండే 12 అక్షరాల గుర్తు. అందులో మొదటి ఆరూ తయారుచేసిన కంపెనీవి. దాన్నిబట్టే రౌటర్ పేజీలో కంపెనీ పేర్లు వస్తాయి.

ఆ పేర్లు చూసి కంగారు పడొద్దు. ఎస్‌ప్రెసిఫ్ అని కనిపిస్తే చైనా గూఢచారి కాదు. షాంఘైలోని చిప్ కంపెనీ అది, స్మార్ట్ బల్బుల్లో, ప్లగ్గుల్లో దాని చిప్‌లే ఎక్కువ. హాన్ హాయ్ అని ఉంటే అది ఫాక్స్‌కాన్ అసలు పేరు. మీ ల్యాప్‌టాప్ వైఫై కార్డు వాళ్లు చేసిందై ఉండొచ్చు. ముందు ఇంట్లో ఫోన్లు, టీవీ, సీసీ కెమెరాలు ఒక్కోటీ ఆపుతూ, జాబితాలోంచి ఏది మాయమైందో చూసి పేర్లు రాసుకోవాలి. ఓపిక కావాల్సిన పనే. ఆదివారం పొద్దున పెట్టుకోండి.

ఇక బ్లాక్‌లిస్ట్. దీని మీదే అందరికీ ఆశ. జాబితాలో తెలియని ఫోన్ పక్కన బ్లాక్ అని నొక్కగానే అది పోతుంది, చూడ్డానికి భలే తృప్తిగా ఉంటుంది. ఆ తృప్తి ఎక్కువసేపు ఉండదు. ఆండ్రాయిడ్ 10 నుంచీ, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ బదులు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత అడ్రస్ చూపిస్తున్నాయి. షాపింగ్ మాల్స్‌లో మనల్ని వెంటాడకుండా పెట్టిన మంచి ఏర్పాటే. కానీ బ్లాక్ అయినవాడు వైఫై సెట్టింగుల్లో ఆ ఒక్క స్విచ్ మారిస్తే రౌటర్‌కు కొత్త మనిషిలా కనిపిస్తాడు. డిగ్రీ చదివే పిల్లలకు ఈ స్విచ్ గురించి చెప్పేవాళ్లు అక్కర్లేదు. కల్పిత అడ్రస్‌ను గుర్తుపట్టడానికి ఒక చిట్కా ఉంది. మ్యాక్ అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది అసలుది కానట్టే. గుర్తుపట్టి చేసేదేమీ లేదు. మన ఇంట్లో ఫోన్లూ అట్లాగే ఉంటాయి.

దీనికి ఉల్టా దారి కూడా ఉంది. నేను రాసిచ్చిన పరికరాలకు తప్ప ఎవరికీ ఇవ్వకు అని రౌటర్‌కు చెప్పడం, అంటే వైట్‌లిస్ట్. బతుకమ్మకు ఆడబిడ్డలు పిల్లల్ని వెంటబెట్టుకుని దిగేదాకా బాగానే నడిచింది. అప్పట్నుంచి ఒక్కో ఫోన్ తీసుకుని, దాని అడ్రస్ వెతికి, రౌటర్‌లో ఎక్కించడమే నా పండగ అయింది. ఇంతా చేస్తే అది గట్టి తాళమూ కాదు. పాస్‌వర్డ్ ఉన్న నెట్‌వర్క్‌లో కూడా మ్యాక్ అడ్రస్‌లు గాల్లో బాహాటంగానే పోతాయి. తెలిసినవాడు మన అడ్రస్‌నే తన ల్యాప్‌టాప్‌కు తగిలించుకుంటాడు. నెట్‌వర్క్ పేరు దాచిపెట్టే సౌకర్యం గురించి ఒక్క ముక్క చాలు: పెట్టకండి. దాచిన పేరును మన ఫోన్లే పోయిన చోటల్లా పిలుస్తూ తిరుగుతాయి.

పాస్‌వర్డ్ మారిస్తే మాత్రం అందరూ ఒక్కసారే బయటపడతారు. దొంగ అడ్రస్‌లూ స్విచ్‌లూ ఏవీ పనిచేయవు. ఎవరు వాడుతున్నారో కనిపెట్టడానికి కూడా ఇంతకంటే చవకైన సాధనం నాకు దొరకలేదు. మార్చి ఊరుకోవాలి, అంతే. "అన్నా, పొద్దుగాల్నుంచి మీ వైఫై వస్తలేదు, ఏమైంది?" అని వెనక వీధి నుంచి ఒకాయన వచ్చి అడిగాడు. ఆయన మా వైఫై వాడుతున్నట్టు అప్పటిదాకా మాకు తెలియదు. పైగా కొన్నాళ్లుగా స్లో అయిందని, ప్లాన్ మార్చమని సలహా కూడా ఇచ్చాడు.

మార్చేటప్పుడు కనీసం 8 అక్షరాలు ఉండాలి, 63 దాకా పెట్టుకోవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే చాలు. మనకు నోటికి వస్తుంది, వేరేవాళ్లు ఊహించలేరు. జొన్నరొట్టె, పానగల్లు, గొడుగు, తాబేలు అన్నట్టు. రౌటర్ పేజీలోకి పోయే పాస్‌వర్డ్ వేరే ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. అది అట్లాగే వదిలేస్తే లోపలికొచ్చిన పిల్లగాడు మీ రౌటర్‌కు తానే యజమాని అవుతాడు. పాస్‌వర్డ్ బదులు మీట నొక్కిగానీ పిన్ కొట్టిగానీ కనెక్ట్ అయ్యే డబ్ల్యూపీఎస్ అనే సౌకర్యాన్ని కూడా ఆపేయండి. దాని పిన్ 8 అంకెలే అయినా, రెండు ముక్కలుగా సరిచూసే లోపం వల్ల 11,000 ప్రయత్నాల్లోపే దొరికిపోతుందని 2011లోనే బయటపడింది.

పాస్‌వర్డ్ మార్చడంలో కష్టం రెండు చోట్ల ఉంది. ఒకటి, టీవీ, బల్బులు, వైఫై కెమెరాలు అన్నింటికీ మళ్లీ చెప్పాలి. కెమెరా గోడ పైన ఉంటే నిచ్చెన తేవాలి. రెండోది పెద్దది: కొత్త పాస్‌వర్డ్ అడిగినవాళ్లకు ఏం చెప్పాలి? కూతురు ఎంసెట్‌కు చదువుతోందని పైవాటా ఆమె మా ఇంటావిడను "వదినా, పొద్దున టెస్ట్ ఉందట" అని అడిగితే లేదంటామా? పోయిన వారమే వాళ్లింటి నుంచి సకినాలు వచ్చాయి. రౌటర్ డబ్బా మీద రాసిన సెక్యూరిటీ సౌకర్యాలేవీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు, ఒక్క గెస్ట్ నెట్‌వర్క్ తప్ప.

అది ఎట్లా వాడానో వివరంగా చెబుతాను, ఈ రౌటర్‌కు పెట్టిన డబ్బులు దీనికే గిట్టాయి. గెస్ట్ నెట్‌వర్క్ అంటే అదే రౌటర్ నుంచి ఇంకో పేరుతో వచ్చే వైఫై. అందులో ఉన్నవాళ్లకు ఇంటర్నెట్ వస్తుంది, మన కంప్యూటర్లు, ప్రింటర్, రౌటర్ పేజీ కనబడవు. నేను చేసింది ఏమిటంటే, పాత పేరు, పాత పాస్‌వర్డ్ తీసి గెస్ట్‌కు పెట్టాను. మా ఇంటికి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్. బల్బులు, కెమెరాలు పాత పేరునే వెతుక్కుని వాటంతట అవే గెస్ట్‌లో చేరాయి. నిచ్చెన తప్పింది. పిలవని వాళ్లూ అట్లాగే చేరారు, తేడా వాళ్లకు తెలియనే లేదు. ఆ తర్వాత గెస్ట్‌కు స్పీడ్ పరిమితి పెట్టాను, వాట్సాప్‌కు, పాఠాలు వినడానికి సరిపోయేంత. రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా ఆగిపోయేలా టైమ్ కూడా పెట్టాను. రాత్రంతా సినిమాలు దింపుకునేవాళ్లు మెల్లగా వాళ్లే తగ్గారు. ఎవరినీ పొమ్మనలేదు. మొగమాటం లేని దారి ఇదే.

అట్లాగని పాత పాస్‌వర్డ్‌ను శాశ్వతంగా ఉంచకూడదు. ఎవరు ఏం చేసినా బయటికి కనిపించేది మన కనెక్షనే. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో ఒక ఇంటి వైఫై నుంచి పోయిందని తేలింది. పోలీసులు ముందు ఆ ఇంటికే వెళ్లారు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను దురుద్దేశంతో వాడుకుంటే ఐటీ చట్టం 66సీ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నమాట నిజమే, కానీ వాడింది మనం కాదని ముందు మనమే చెప్పుకోవాలి కదా. అందుకని మా పరికరాలను వీలు చూసుకుని ఒక్కోటీ ఇంటి నెట్‌వర్క్‌లోకి మార్చి, గెస్ట్ పాస్‌వర్డ్ మార్చేశాను. ఇప్పుడు కిరాయిదారు మారినప్పుడల్లా మారుస్తాను. అడిగినవాళ్లకు సంతోషంగా చెబుతాను. అడగని వాళ్లకు లేదు.

గెస్ట్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. అందులో ఉన్న ఫోన్ నుంచి మన టీవీకి వీడియో పంపడం కుదరదు, ప్రింట్ ఇవ్వడం కుదరదు. వచ్చిన బావమరిది పెళ్లి వీడియో పెద్ద తెర మీద చూపిస్తానంటే నా ఫోన్‌లోకి పంపించుకోవాల్సి వస్తుంది. రాత్రి ఆగే టైమ్ పెడితే అందులోని కెమెరాలూ ఆగుతాయి, వాటిని వేరే పెట్టుకోవాలి. కొన్ని చవక రౌటర్లలో గెస్ట్‌కు స్పీడ్ పరిమితి ఉండదు, కొనేముందు చూసుకోండి. గెస్ట్‌లో ఒకరినొకరు చూడకుండా చేసే ఆప్షన్ కూడా ఆన్‌లో ఉందా అని చూడాలి. లేకపోతే పక్కవాళ్ల నెట్ కట్ చేసే యాప్‌లతో పిల్లలు ఆడుకుంటారు. అవి రౌటర్‌ను నేనేనని అవతలి ఫోన్‌కు అబద్ధం చెప్పి పనిచేస్తాయి. ఇంటి నెట్‌వర్క్‌లోకి అట్లాంటివాడు దూరితే యజమానికే నెట్ పోతుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. కొత్త రౌటర్ పెట్టి అన్నీ కట్టుదిట్టం చేసినా, ఫైబర్ వాళ్ల డబ్బాలోనే ఇంకో వైఫై ఉంటుంది. పాత ఫోన్ నంబర్ పాస్‌వర్డ్‌తో అది వెనకాల హాయిగా నడుస్తూనే ఉంటుంది. మా దగ్గర ఆ డబ్బా పేజీ తాళం ఆపరేటర్ చేతిలోనే ఉంది. నాకివ్వడానికి ఒప్పుకోలేదు, చాలాసార్లు ఫోన్ చేశాక వాళ్ల లైన్‌మన్ వచ్చి ఆ వైఫైని ఆపాడు. అది ఆగేదాకా నేను పైన చేసినవన్నీ సగం పనులే. మీ ఫోన్‌లో చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌ల జాబితా తెరిచి, ఇంట్లో తిరుగుతూ ఏ పేరు సిగ్నల్ ఎక్కడ నిండుగా ఉందో చూస్తే ఆ రెండోది దొరుకుతుంది.

కొత్తగా కొనేవాళ్లు డబ్ల్యూపీఏ2 తర్వాతి తాళమైన డబ్ల్యూపీఏ3 ఉన్నది తీసుకోండి. 2018లో వచ్చింది. రికార్డు చేసుకుని ఇంటికి పోయి ఊహించే ఆట దాంట్లో సాగదు. అయితే పాత టీవీలు, ప్రింటర్లు దానికి కలవవు. అందుకని ఇంటి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లను 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో డబ్ల్యూపీఏ3 మీద, పాత సామాన్లను రెండో బ్యాండ్‌లో డబ్ల్యూపీఏ2 మీద పెట్టాను. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ స్లాబు దాటి పైకి సరిగ్గా పోదు. మామూలుగా అది లోపం, మా ఇంట్లో మాత్రం పనికొచ్చింది. రౌటర్‌ను మెట్ల దగ్గర గోడకు మాత్రం కొట్టించకండి. వెనక రీసెట్ రంధ్రంలో పిన్నీసుతో కాసేపు నొక్కి పట్టుకుంటే పాస్‌వర్డ్‌లన్నీ స్టిక్కర్ మీదున్న పాతవాటికి పోతాయి, ఆ స్టిక్కర్ ఫొటో తీసుకోవడానికి ఎవరికైనా రెండు సెకన్లు చాలు.