కావలూరులో ఆకాశం, వాణియంబాడిలో చాప

తమిళనాడులోని కావలూరు కొండమీద, టెలిస్కోపులతో ఆకాశాన్ని గమనించే అబ్జర్వేటరీ చూడ్డానికి వెళ్లాం. మేం దిగిన లాడ్జి సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. తిరుపతి నుంచి ఫోన్ చేసినప్పుడు "గదికి వెయ్యి, ముగ్గురు సర్దుకోవచ్చు" అన్నారు. బీఎస్సీ వాళ్లం పదకొండు మంది, మా ఫిజిక్స్ సారు, మొత్తం పన్నెండు. నాలుగు గదులు, నాలుగు వేలు అని లెక్క రాసుకున్నాను. డబ్బు సంచీ నాదే మరి. తీరా వాణియంబాడిలో దిగి కౌంటర్ దగ్గర నిలబడితే మూడో మనిషికి 300 ఎక్కువ అన్నాడు. "అదేందన్నా" అంటే ఎక్స్‌ట్రా బెడ్ అట.

ఆ బెడ్ ఏమిటో రాత్రికి తెలిసింది: అంచులు పీలికలైన ప్లాస్టిక్ చాప. కొండ దిగి పదకొండున్నరకు వస్తే షట్టర్ దించేసి ఉంది, ఇరవై నిమిషాలు బాదాం. వేడినీళ్లు ఏడింటి వరకే అన్న బోర్డు ఏడున్నరకు కనబడింది. ఆ కాస్త నిద్రకు 5,200. ఎక్కువ గుంజిన ఆ 1,200 ఉత్త డబ్బు కాదు, తిరుగు దారిలో ఆంబూరులో తినాలనుకున్న బిర్యానీ డబ్బు.

సరే, కావలూరు. జవ్వాది కొండల్లో, ఆలంగాయం దాటాక ఉంది వేణు బప్పు అబ్జర్వేటరీ. సందర్శకులను శనివారమే రానిస్తారు, ముందే కనుక్కుని బయల్దేరండి. ఆ బప్పు ఖగోళ శాస్త్రవేత్త, మన హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివినాయనే. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. ఇది సారు వేలూరు నుంచి మూడుసార్లు చెప్పారు.

2.34 మీటర్ల పెద్ద టెలిస్కోపును చూసి నోరెళ్లబెట్టాం గానీ, అందులో కన్ను పెట్టనివ్వరు, అది పరిశోధనకే. మనకు చిన్నది. ఆ మాట వినగానే మావాళ్ల ముఖాలు వాడిపోయాయి. దానికి తోడు ఏడింటికి మబ్బు కమ్మింది. పిల్లలతో వచ్చిన కుటుంబాలు ఒక్కొక్కటే లేచి వెళ్లిపోయాయి. మేము మాత్రం కదల్లేదు. లాడ్జికి అంత పోశాక ఊరికే పోతామా!

ఎనిమిదిన్నరకు మబ్బు విచ్చుకుంది. అమావాస్య దగ్గర్లో ఉండటంతో చంద్రుడి బెడద లేదు. పిల్లలకోడి చుక్కలు (కృత్తికలు) మా ఊళ్లో ఆరు లెక్కపెట్టడమే గొప్ప, టెలిస్కోపులో పెడితే లెక్క తప్పిపోయింది. దక్షిణాన అగస్త్య నక్షత్రం నిబ్బరంగా వెలుగుతోంది. జనం తక్కువ కాబట్టి ఒక్కొక్కరికి రెండేసి సార్లు వంతు వచ్చింది. చూపించినాయన తమిళంలో చెబితే మా కుప్పంవాడు తెలుగు చేశాడు, విసుగన్నది లేదు ఇద్దరికీ. మధ్యలో ఎవడిదో ఫోన్ వెలిగింది, ఆయన "అణై తంబీ" అన్నాడు, ఆర్పెయ్ తమ్ముడూ అని. చీకటికి అలవాటుపడ్డ కళ్లు మళ్లీ కుదురుకోవడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుందట. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకెళ్లండి.

మృగశిర (ఓరియన్)లోని నెబ్యులా, అంటే వాయువు, ధూళి మేఘం చూసి మా బిర్యానీ రాయుడు, "ఫోటోలో రంగులుంటాయి కదా సార్, ఇది పొగలా ఉందే" అన్నాడు. మసక వెలుగులో మన కంటికి రంగు తెలియదు, కెమెరా అయితే వెలుగును పోగు చేసుకుంటుంది అన్నారు సారు. వాడు కన్ను తియ్యకుండా "ఎప్పటి వెలుగు?" అన్నాడు. సుమారు 1,300 ఏళ్ల కిందట అక్కడ బయల్దేరింది అనగానే వాడి నోట మాట లేదు. వెనక వరసలో తిట్లు మొదలయ్యాక గానీ తప్పుకోలేదు.

మర్నాడు మాత్రం వాడి మూడ్ బాగాలేదు. మా పదకొండు మంది దగ్గర తలా 1,500 చొప్పున వసూలైంది 16,500. వ్యానుకు డ్రైవర్ బత్తాతో 9,300, లాడ్జికి 5,200, దారి టిఫిన్లకు 1,150. మిగిలిన 850తో ఆంబూరులో పన్నెండు మంది ఇడ్లీలు తిన్నాం. బిర్యానీ అయితే 170 చొప్పున 2,040 అయ్యేది, ఆ 1,200 కూడా ఉంటే సరిపోయేది. చిత్తూరు దాకా వాడు నాతో మాట్లాడలేదు.

ఈసారి గదులు వద్దు. కొండ దిగి నేరుగా వ్యానులోనే నిద్ర.