స్పానిష్ సిలబుల్స్, స్ట్రెస్ కోర్సు అని యాడ్ వస్తోందా? డబ్బులు కట్టేముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, పెరూవాళ్లని ఏమంటారు, యూరప్‌వాళ్లని ఏమంటారు, అలా ఊళ్లూ దేశాల పేర్లనుంచి వచ్చే స్పానిష్ పదాలన్నీ సిలబుల్స్‌గా (ఒక్కో ఊపులో పలికే ముక్కలుగా) విడగొట్టి స్ట్రెస్, అంటే నొక్కి పలికే ముక్క, ఎక్కడో ఆడియోతో సహా నేర్పిస్తాం అని ఇన్‌స్టాలో ఒక యాడ్ తిరుగుతోంది, 1,499 రూపాయలు. దయచేసి కొనకండి. నేను డెలే ఎ1 (స్పానిష్ సర్టిఫికెట్ మొదటి లెవెల్) పరీక్షకని కొన్నా, తప్పుల కుప్ప అది.

యూరోపియన్‌కి స్పానిష్‌లో నాలుగు సిలబుల్స్: ఎవు-రో-పే-ఓ. చివర ఉన్న ఎ, ఓ రెండూ బలమైన అచ్చులు, ఒకే సిలబుల్‌లో కలవవు. వీళ్లు ఆ రెంటినీ కలిపేసి మూడే చేశారు, దాంతో చివరినుంచి రెండోది "రో" అయిపోయింది, స్ట్రెస్ తీసుకెళ్లి దానిమీద పెట్టారు, ఆడియోలో కూడా అదే! అసలు నొక్కాల్సింది "పే". పెరువానోలో ఉ బలహీనమైన అచ్చు, పక్కనున్న ఆతో కలిసిపోతుంది కాబట్టి పె-రువా-నో అని మూడే రావాలి, అక్కడేమో నాలుగు చేశారు. కోస్టారికావాళ్లది ఇంకా ఘోరం, కోస్-తా-ర్రి-సెన్-సె అని ఉండాల్సింది రెండు ఆర్‌లనీ చెరో సిలబుల్‌లోకి నరికేశారు, అది ఒకటే శబ్దం అండీ, లైన్ చివర కూడా విడగొట్టకూడదు.

మామూలుగా అచ్చుతోనో ఎన్, ఎస్‌తోనో అయిపోయే పదానికి స్ట్రెస్ చివరినుంచి రెండో సిలబుల్ మీద, వేరే హల్లుతో అయిపోతే చివరి సిలబుల్ మీద (ఎస్పాన్యోల్, స్పెల్లింగ్‌లో z తో అయిపోయే అందలూస్ లాగా), దీనికి ఎదురెళ్తే అచ్చు మీద గీత. అందుకే ఇంగ్లేస్‌కి (ఇంగ్లండ్‌వాడు) గీత ఉంటుంది, బహువచనం ఇంగ్లేసెస్, స్త్రీలింగం ఇంగ్లేసాలకి పోతుంది. వీళ్లు మూడింటికీ ఉంచేశారు, పరీక్షలో అలా రాస్తే తప్పే కదా.

మెసేజ్ పెడితే "లాటిన్ అమెరికాలో అలాగే రాస్తారు" అన్నారు. అబద్ధం, గీత రూల్ స్పెయిన్‌కీ మెక్సికోకీ ఒకటే. రిఫండ్ అడిగితే బ్లాక్ చేశారు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చా.

ఇప్పటికే కొన్నవాళ్లు పేమెంట్ స్క్రీన్‌షాట్, చాట్ డిలీట్ చెయ్యకండి, మీరూ కంప్లైంట్ పెట్టండి. గీత ఎక్కడ పెట్టాలో చూడ్డానికి స్పెయిన్ రాయల్ అకాడమీ డిక్షనరీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది. వేరే ఏ కోర్సు కొనాలన్నా ముందు శాంపిల్ పేజీ అడిగి "ఎవురోపేఓ" ఎలా విడగొట్టారో చూడండి, మూడు సిలబుల్స్ కనిపిస్తే డబ్బులు కట్టొద్దు.