రేకీ నేర్చుకోవాలంటే ఏది మేలు: రెండు రోజుల కోర్సా, ఫోన్ క్లాసా, గురువు చెంత అభ్యాసమా?

ఒంటి మీద చేతులు ఉంచి శక్తిని అందిస్తామని చెప్పే జపాన్ పద్ధతి రేకీ. బెజవాడలో, గుంటూరులో ఇప్పుడు దాన్ని నేర్పేవాళ్లకు కొదవ లేదు. లబ్బీపేటలోనో బ్రాడీపేటలోనో హాలు అద్దెకు తీసుకుని శని, ఆదివారాల్లో ఫస్ట్ డిగ్రీ, సెకండ్ డిగ్రీ అనే మొదటి రెండు మెట్లూ కలిపి ఇచ్చేవాళ్లు ఒక రకం. జూమ్‌లో క్లాసు చెప్పి, దూరం నుంచే అట్యూన్‌మెంట్ (గురువు శిష్యుడికి ఆ శక్తిని అందించే క్రియ) చేసి, సర్టిఫికెట్ వాట్సాప్‌లో పంపేవాళ్లు రెండో రకం. ఇంట్లో నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని నెలల తరబడి నేర్పేవాళ్లు మూడో రకం. వీళ్ల ఇంటి ముందు బోర్డు కూడా ఉండదు, ఒకరి నోట విని ఇంకొకరు వెళ్లాల్సిందే. నేను గుంటూరులో సెకండ్ డిగ్రీ దాకా నేర్చుకుని ఏళ్లుగా అభ్యాసం చేస్తున్నదాన్ని. "అక్కా, ఎక్కడ చేరమంటావు?" అని అడిగేవాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చిన మాటల్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందుగా ఒక సంగతి. చాలామంది ఎన్ని రోజుల కోర్సు, ఎంత ఫీజు అని మొదలుపెడతారు. నేనైతే ముందు గురుపరంపర అడుగుతాను: మీకు నేర్పిందెవరు, వారికి నేర్పిందెవరు, అలా పైకి వెళితే రేకీని మొదలుపెట్టిన మికావో ఉసుయ్ దాకా పేర్లు చెప్పగలరా?

ఆ పేర్లు పెద్ద జాబితా ఏమీ కాదు. ఉసుయ్ 1865లో జపాన్‌లోని గిఫు ప్రాంతంలో పుట్టారు. క్యోటో దగ్గరి కురామా కొండ మీద 21 రోజులు ఉపవాసం ఉన్నారు. 1922లో టోక్యోలో సంస్థ పెట్టి, 1926లో కన్నుమూశారు. ఆయన శిష్యుల్లో చుజిరో హయాషి అనే నావికాదళ అధికారి సొంతంగా క్లినిక్ నడిపారు. 1935లో ఆ క్లినిక్‌కు హవాయి నుంచి హవాయో టకాటా రోగిగా వచ్చారు. తర్వాత తనకూ నేర్పమని పట్టుబట్టి, అక్కడే పనిచేస్తూ నేర్చుకున్నారు. 1938లో హయాషి ఆమెను మాస్టర్‌గా, అంటే ఇతరులకు నేర్పే గురువుగా, గుర్తించారు. 1980లో చనిపోయేలోపు ఆమె 22 మందిని మాస్టర్లుగా తయారుచేశారు. మన దగ్గరికి వచ్చిన రేకీలో ఎక్కువ భాగం ఆ 22 మందిలో ఎవరో ఒకరి నుంచి వచ్చిందే. కాబట్టి మీ మాస్టర్‌కూ టకాటాకూ మధ్య ఉన్నది కొద్ది మందే. ఆ కొద్ది పేర్లు చెప్పలేని మనిషి తనకు నేర్పినవాళ్లను పట్టించుకోలేదనే నేను అర్థం చేసుకుంటాను.

పరంపర ఎందుకింత ముఖ్యమో బెజవాడ వాళ్లకు చెప్పడం తేలిక. బాలమురళీకృష్ణ పాట వింటూ పెరిగిన ఊరిది. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, శాస్త్రిగారి గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, వారి గురువు త్యాగరాజస్వామి. సంగీతంలో ఈ వరుస చెప్పడం గొప్పల కోసం కాదు. ఏ కృతిని ఏ పాఠంలో పాడుతున్నారో, తప్పితే దిద్దేవారు ఎవరో అందులోనే తెలుస్తుంది. అయినా సంగీతంలో శ్రుతి తప్పితే ఎదురుగా కూర్చున్నవాళ్లకు వినపడుతుంది. రేకీలో చేతులు పెట్టి మౌనంగా కూర్చుంటాం, తప్పు చేసినా బయటికి వినపడదు. సభ దిద్దలేని విద్యను గురువే దిద్దాలి. అందుకే పరంపర అవసరం సంగీతంలో కంటే రేకీలోనే ఎక్కువ అంటాను.

ఇక మొదటి రకం, రెండు రోజుల కోర్సు. దీన్ని నేను పూర్తిగా తోసిపుచ్చను. టకాటా ఫస్ట్ డిగ్రీ కూడా నాలుగు విడతల్లో ముగిసేది, విడతకో అట్యూన్‌మెంట్. అంటే తరగతి పొట్టిదన్న కారణంతో తప్పు పట్టలేం, అది మొదటి నుంచీ పొట్టిదే. తేడా అంతా తరగతి అయ్యాక వస్తుంది. ఉసుయ్ సంస్థలో సభ్యులు మళ్లీ మళ్లీ కలిసేవారు, కలిసినప్పుడల్లా రేజు, అంటే ఆ శక్తిని అందించే క్రియ, జరిగేది. హయాషి క్లినిక్‌లో ఒక్కో రోగి దగ్గర ఇద్దరేసి కూర్చుని చేసేవారు. కొత్తవాళ్లు పాతవాళ్ల పక్కన కూర్చుని, చేతికి తగిలే వేడి, జుమ్మనడం ఏమిటో చేస్తూ తెలుసుకునేవారు. శని, ఆదివారాల కోర్సులో ఇదే ఉండదు. సోమవారం నుంచి మాస్టర్ మరో ఊళ్లో ఉంటారు. 21 రోజులు స్వయంగా చేసుకోండి అని చెప్పి పంపుతారు, మంచిదే. కానీ ఆరో రోజున చేతుల్లో ఏమీ తెలియడం లేదని, పదో రోజున ఎందుకో ఏడుపొస్తోందని అడగడానికి మనిషి ఉండడు. ఫోన్ చేస్తే "నమ్మకంతో చేయండి" అనే జవాబు వస్తుంది. అభ్యాసం ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

పైగా ఒక్క వారాంతంలో రెండు డిగ్రీలు ఇవ్వడం నాకు నచ్చదు. మొదటి డిగ్రీలో మన ఒంటి మీద మనం చేయి పెట్టుకోవడం అలవాటు కాకుండానే రెండో డిగ్రీలో గీసి వాడే గుర్తులు, దూరం నుంచి పంపే పద్ధతి చేతికొచ్చేస్తాయి. టకాటా ఆ గుర్తుల్ని కాగితం మీద ఉంచుకోనిచ్చేవారు కారు. ఆమె పోయాక శిష్యులు పోల్చి చూసుకుంటే ఒకరివి ఒకరితో సరిపోలేదు. అంత దగ్గరగా నేర్చుకున్నవాళ్లలోనే అలా జరిగితే, ఆదివారం మధ్యాహ్నం హడావిడిగా గీసుకున్న గుర్తు ఎంతకాలం సరిగ్గా నిలుస్తుంది?

ఫోన్ క్లాసుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వందల రూపాయల్లో మాస్టర్ డిగ్రీ దాకా ఇస్తున్నారు. టకాటా మాస్టర్ శిక్షణకు పది వేల డాలర్లు తీసుకున్నారు, దాన్నీ నేను సమర్థించను. డబ్బు ఎక్కువైతే విద్య నిక్కమైనదని లేదు. కానీ ఒక్కసారి కూడా మీ చేతుల్ని చూడని మనిషి మీరు ఇంకొకరికి నేర్పడానికి తగినవారని కాగితం రాసి ఇవ్వడం న్యాయం కాదు. రేపు మీ దగ్గర నేర్చుకునే పిల్ల "మీ గురువు ఎవరండీ?" అంటే ఏం చెబుతారు?

మూడో రకం నెమ్మది దారి. ఏడాది పట్టొచ్చు. వారానికో, పదిహేను రోజులకో కలుస్తారు. మొదట మన మీద, తర్వాత ఇంట్లోవాళ్ల మీద, ఆ తర్వాత గురువు పక్కన కూర్చుని బయటివాళ్ల మీద. ఇందులో విసుగు ఉంది. ఉసుయ్ చెప్పిన ఐదు సూత్రాలు, ఈ ఒక్కరోజుకీ కోపం తెచ్చుకోను, బెంగ పడను, కృతజ్ఞతతో ఉంటాను, నా పని శ్రద్ధగా చేస్తాను, అందరి పట్ల దయగా ఉంటాను అని పొద్దున, రాత్రి చెప్పుకోవడంతోనే నెలలు గడిచిపోతాయి. కానీ ఒక స్త్రీ మీద చేయి పెట్టేముందు ఎలా అడగాలి, ఎక్కడ తాకకుండా చేతిని ఎత్తి పట్టుకోవాలి, ఎదుటివాళ్లు ఏడిస్తే ఏం చేయాలి, ఎప్పుడు "మీరు డాక్టర్ దగ్గరికి వెళ్లండి" అనాలి అన్నవి ఈ దారిలోనే ఒంటబడతాయి. ఏ పీడీఎఫ్‌లోనూ నాకివి కనపడలేదు.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగుతాను. రేకీ ఏదైనా జబ్బును నయం చేస్తుందని శాస్త్రం నిరూపించలేదు. ఆందోళన, కుంగుబాటు మీద జరిగిన అధ్యయనాలను 2015లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ పరిశీలించి, ఆధారం చాలదని తేల్చింది. మన ఆయుష్ పద్ధతుల్లోనూ రేకీ లేదు. మనసు నెమ్మదిస్తుంది, నిద్ర పడుతుంది అన్నంతవరకే నేను చెబుతాను, అదీ నా అనుభవంగా. షుగర్, క్యాన్సర్ తగ్గిస్తామని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. బీపీ మాత్రలు ఆపేయమన్న మాస్టర్ పరంపర ఎంత గొప్పదైనా ఆ క్షణమే లేచి వచ్చేయండి.

ఎందుకంటే పరంపర ఒక్కటే చాలదు. టకాటా తన శిష్యులకు ఉసుయ్ క్రైస్తవ బోధకుడని, క్యోటోలోని దోషిషా విశ్వవిద్యాలయానికి అధిపతి అని చెప్పేవారు. ఆ విశ్వవిద్యాలయం రికార్డుల్లో ఆయన పేరే లేదు. శిష్యులు 1927లో టోక్యోలోని సైహోజీ ఆలయంలో ఆయనకు నిలిపిన స్మారక శిల మీదా ఆ మాట లేదు. మంచి పరంపరలోనూ తప్పుడు కథ కలిసి రావచ్చు. అలాగే ఏడు చక్రాలు. యోగం తెలిసిన మనకు అవి దగ్గరగా అనిపిస్తాయి, మన క్లాసుల్లో దాదాపు అందరూ చెబుతారు. అవి పశ్చిమ దేశాల్లో తర్వాత చేరినవి. "ఇది ఉసుయ్ చెప్పింది, ఇది తర్వాత కలిసింది, ఇది నా సొంతం" అని విడదీసి చెప్పే గురువు దొరికితే వదలకండి.

టకాటా దారి మంచిదా, జికిడెన్ మంచిదా అని కూడా ఈ మధ్య అడుగుతున్నారు. జికిడెన్ అంటే 1938లో హయాషి దగ్గరే నేర్చుకున్న చియోకో యమగుచి నుంచి క్యోటోలో కొనసాగుతున్న శాఖ. అందులో చేతికి తెలిసే స్పర్శను బట్టి చేయి ఎక్కడ, ఎంతసేపు ఉంచాలో నిర్ణయిస్తారు. టకాటా తర్వాతి శాఖల్లో తల నుంచి కింది దాకా వరుసగా స్థానాలు ఉంటాయి. కొత్తవాళ్లకు స్థానాల వరుస ధైర్యాన్నిస్తుంది. రెండింటిలో నా మనసు జికిడెన్ వైపే మొగ్గుతుంది, చేతిని వినడం నేర్పుతుంది కాబట్టి. కానీ జికిడెన్ కోసం దూరదేశపు గురువును ఏడాదికోసారి చూడటం కంటే, బెజవాడలో ప్రతి ఆదివారం తలుపు తీసే టకాటా శాఖ గురువే మేలు. గుంటూరు నుంచి రైల్లో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

ఇక పసిపిల్లలతోనో, మంచంపట్టిన అత్తగారితోనో ఇల్లు కదలలేనివాళ్లు ఉన్నారు. వాళ్లను ఏడాది గురువు దగ్గరికి వెళ్లమనడం తేలిక, వెళ్లడం కష్టం. అలాంటి చెల్లెళ్లకు నేను చెప్పేది ఇది. జూమ్ క్లాసులో ఐదు సూత్రాలు, స్వయంగా చేసుకునే చేతి స్థానాలు నేర్చుకో, రోజూ పడుకునేముందు చేసుకో. అట్యూన్‌మెంట్‌కు మాత్రం తొందరపడకు. పండగకు పుట్టింటికి వచ్చినప్పుడు ఒక గురువు ఎదురుగా కూర్చుని తీసుకో, ఆ గురువు ఫోన్ ఎత్తే మనిషేనా ముందే కనుక్కో. అప్పటిదాకా ఇంకొకరి మీద చేయి పెట్టకు, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకు.