అమీర్‌పేటలో డెవాప్స్ కోర్సు: ఆ ఒక్క ప్రాక్టికల్‌కే ఫీజు గిట్టింది

మైత్రీవనం దగ్గర్లోని ఓ ఇన్‌స్టిట్యూట్‌లో డెవాప్స్ (కోడ్ రాసేవాళ్లు, సర్వర్లు నడిపేవాళ్లు కలిసి పనిచేసే పద్ధతి) వీకెండ్ బ్యాచ్ పూర్తిచేశాను. నేను మాన్యువల్ టెస్టర్‌ని. రిలీజ్ రోజు వచ్చిందంటే చాలు, మా ఆఫీసులో డెవలపర్లు, సర్వర్ టీమ్ వాళ్లు తప్పు నీదంటే నీదని వాదులాడుకుంటారు. అది చూసి చూసి విసుగొచ్చి చేరాను.

టూల్స్ బాగానే చెప్పారు. గిట్, డాకర్, కుబర్నెటిస్, టెర్రాఫామ్ అన్నీ చేయించారు. జెంకిన్స్‌ని మాత్రం జీడిపాకంలా సాగదీశారు. నోట్స్‌లో అన్నీ పాత స్క్రీన్‌షాట్లే, అందులో చూపించిన మెనూలు ఇప్పుడు దొరకవు.

అసలు విషయం సార్ పెట్టిన ఒక ప్రాక్టికల్. బ్యాచ్‌లో సగంమందికి కోడ్, సగంమందికి సర్వర్ అప్పజెప్పారు. మాట్లాడుకోకూడదు, టికెట్ (రాతలో రిక్వెస్ట్) మాత్రమే పెట్టాలి. డిప్లాయ్ చేయగానే, అంటే కోడ్‌ని సర్వర్‌లోకి ఎక్కించగానే, పాడ్ (కుబర్నెటిస్‌లో మన యాప్ నడిచే డబ్బా) లేవడం, పడిపోవడం, మళ్లీ లేవడం. స్క్రీన్ మీద క్రాష్‌లూప్‌బ్యాకాఫ్, అంటే పదే పదే పడిపోతోందని. ‘మా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోందిగా’ అని వీళ్లు, ‘మీరిచ్చిందే పెట్టాం’ అని వాళ్లు. అచ్చం మా ఆఫీసే! గొడవ సద్దుమణిగాక లాగ్ చూస్తే, డేటాబేస్ పాస్‌వర్డ్ వేరియబుల్ (యాప్ బయటి నుంచి చదువుకునే సెట్టింగ్) సర్వర్‌లో లేదు. కోడ్ రాసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో సెట్ చేసి ఉంది కాబట్టి, టికెట్‌లో రాయాలని ఎవరికీ తట్టలేదు.

తర్వాత పోస్ట్‌మార్టమ్, అంటే తప్పు ఎలా జరిగిందో రిపోర్ట్, రాయమన్నారు. మనుషుల పేర్లు ఉండకూడదని షరతు. ఒకమ్మాయి ‘ఫలానా అతను చెప్పలేదు’ అని రాస్తే సార్ కొట్టేసి, ‘అతను చెప్పకపోయినా డిప్లాయ్ ఎలా ముందుకెళ్లిందో అది రాయమ్మా’ అన్నారు. చివరికి రెండు జట్లూ కలిసి కూర్చుని, కావాల్సిన వేరియబుల్స్ పేర్ల జాబితా కోడ్‌తో పాటే రిపోలో (కోడ్ దాచే చోట) పెట్టాం. ఒక్కటి తగ్గినా పైప్‌లైన్ (కోడ్‌ని సర్వర్ దాకా ఆటోమేటిక్‌గా తీసుకెళ్లే వరుస) ఆగిపోతుంది.

2009లో ఫోటోల సైట్ ఫ్లికర్‌కి చెందిన జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ రోజుకు పదికి పైగా డిప్లాయ్‌లు చేస్తున్నామని ఇచ్చిన ప్రసంగం గురించి సార్ అప్పుడు చెప్పారు. అందులో టూల్స్‌తో పాటు ఒకరినొకరు నమ్మడం, నిందలు మానుకోవడం కూడా ఉన్నాయట. అదే ఏడాది బెల్జియంలోని ఘెంట్‌లో ప్యాట్రిక్ డెబ్వా మొదటి డెవాప్స్‌డేస్ సదస్సు పెట్టారు. ఇవన్నీ మొదటి క్లాసులోనే చెప్పి ఉంటే ఇంటర్వ్యూ ప్రశ్నల్లా బట్టీ పట్టేసేవాళ్లం.

ఇక నచ్చనివి. ఏడబ్ల్యూఎస్ (ల్యాబ్‌కి వాడే అమెజాన్ క్లౌడ్) బిల్లు మనమే కట్టుకోవాలి. ఈకేఎస్ (అందులోని కుబర్నెటిస్ సర్వీస్) క్లస్టర్‌కి ఊరికే ఉన్నా గంటకు 10 సెంట్లు పడుతుంది. ల్యాబ్ అయ్యాక తీసేయకపోతే నెలకు 70 డాలర్లు దాటుతుంది. ఫీజు కట్టించుకునేటప్పుడు కౌంటర్‌లో ఈ ముక్క చెప్పరు. ప్లేస్‌మెంట్ ఆయనైతే ‘రెజ్యూమెలో మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టేయండి, అందరూ పెడతారు’ అన్నాడు. క్లాసులో నేర్పినదానికి ఇది పూర్తిగా రివర్స్.

నా రేటింగ్ 5కి 3.5. అదీ సార్ వల్లే. ఎక్కడ చేరినా డెమో క్లాసులోనే ప్రాక్టికల్స్ టీమ్‌గా చేయిస్తారా అని అడగండి. ఎవరికి వాళ్లే అంటే యూట్యూబ్ చూసుకోవచ్చు, ఫీజు దండగ.