వాలిపోయే పాదానికి ఏ స్ప్రింగు మేలు?

నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేటల నుంచి పొద్దున్నే రైలెక్కి చెన్నై వచ్చే మనవాళ్ళు మా వడపళని వర్క్‌షాపులో కూర్చోగానే అనే మాట ఒకటుంది. "ఖరీదైంది ఏదో అదే వేసెయ్ నాయనా, నడిస్తే చాలు." పక్షవాతం వల్లనో, మోకాలి పక్కన నరం దెబ్బతినో పాదం కిందికి వాలిపోతుంది, అడుగేస్తే వేళ్ళు నేలకు రాసుకుంటాయి. ఆ పాదాన్ని పైకి పట్టడానికే కాలిపర్‌లో, అంటే కాలికి ఊతగా తొడిగేదాంట్లో, స్ప్రింగు. దాన్ని ఎంచేటప్పుడు నేను ముందు మోకాలు చూస్తాను, తర్వాత ఇంటి గడప గురించి అడుగుతాను. ఖరీదు ఆఖరున.

కాలు బిగుసుకోకుండా పాదం మాత్రం వాలిపోయేవాళ్ళకు నా ఓటు ప్లాస్టిక్ ఆకు స్ప్రింగుకే. పిక్క వెనక నుంచి అరికాలి దాకా ఒకటే పాలీప్రొపిలీన్ రేకు. చీలమండ వెనక సన్నగా చెక్కిన మెడ దగ్గర అది లారీ కమాను పట్టీలా వంగి, కాలు లేవగానే మళ్ళీ నిటారుగా వస్తుంది. సాక్సు మీద తొడుక్కుని, వెనక పట్టీ ఉన్న చెప్పులో పెట్టుకోవచ్చు. చెప్పులు గడప బయట వదిలినా ఇది కాలికే ఉంటుంది. నున్నటి టైల్స్ మీద జారకుండా అడుగున పలచటి రబ్బరు అంటించుకోవాలి. అయితే పాదం పక్కకు మెలిపడుతుంటే ఇది ఆపలేదు.

దీని బిగింపంతా చెక్కడంలోనే ఉంది. మెడను ఎంత సన్నం చేస్తే స్ప్రింగు అంత మెత్తన. ఒకసారి కోసింది మళ్ళీ అతకదు. అందుకే కొంచెం కొంచెంగా గీకి, నడిపించి చూసి, మళ్ళీ గీకుతాం. అంచులో గోటి గీతంత గాటున్నా పగులు అక్కడే మొదలవుతుంది. మెడ దగ్గర తెల్లటి చార కనబడితే విరిగేదాకా ఆగకుండా తీసుకురండి.

స్టీలు కాలిపర్ దారి వేరు. రెండు పక్కలా కడ్డీలు, చీలమండ దగ్గర క్లెన్‌జాక్ కీలు, ఆ కీలు వెనక సన్నటి గొట్టంలో చుట్టు స్ప్రింగు, దాని మీద మర. బరువు ఎక్కువ, బూటుకు రివెట్లతో కొట్టేస్తారు కాబట్టి ఇంట్లో, గుళ్ళో కష్టమే. కానీ సాయంత్రానికి కాలు వాచేవాళ్ళకు, షుగరుతో పాదం స్పర్శ తగ్గినవాళ్ళకు నేను దీన్నే చెబుతాను. పిక్క దగ్గర తోలు పట్టీ తప్ప చర్మాన్ని ఒరుసుకునేది ఉండదు, పైగా బలాన్ని తర్వాత కూడా మార్చుకోవచ్చు.

ఆ మార్చడం దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. గూడూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు వేరేచోట మరను చివరిదాకా బిగించి పంపారు. మడమ ఆనగానే పాదం కిందికి దిగడం లేదు, స్ప్రింగు పిక్కను ముందుకు తోస్తోంది. తొడలో బలం తక్కువ, మోకాలు మడత పడిపోతోంది. "మెట్టు దిగాలంటేనే భయం నాయనా" అన్నాడు. ఎలెన్ కీతో అర చుట్టు వదులు చేసి, "పెదనాన్నా, తలుపుదాకా వెళ్ళి రండి" అన్నాను. మళ్ళీ అర చుట్టు. మూడోసారికి మోకాలు నిలిచింది, బొటనవేలు ఇంకా నేలకు తగలడం లేదు. అక్కడ ఆపేశాను.

కండరాలు బిగుసుకుపోయిన కాలికి స్ప్రింగు జోలికే వెళ్ళొద్దు. పిక్కను చటుక్కున లాగితే ఆ బిగుతు ఇంకా రేగుతుంది. ముందొకటి వెనకొకటి రెండు గొట్టాలున్న కీలైతే వెనకవైపు స్ప్రింగు తీసి ఉక్కు పిన్ను వేస్తాం, పాదం కిందికి వాలకుండా అడ్డుగా నిలుస్తుంది. ఆ బిగుతు ఎంతో డాక్టరే చూసి చెప్పాలి. కె.కె. నగర్‌లో ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ ఉంది, ముందు అక్కడ చూపించుకుని రండి.

ఇక కార్బన్ ఫైబర్‌తో చేసిన స్ప్రింగు. తేలిక, అడుగు ముందుకు పడేటప్పుడు తిరిగి తోస్తుంది కూడా. రోజూ ఎక్కువ దూరం నడిచే కుర్రవాళ్ళకు బాగుంటుంది. ప్లాస్టిక్‌లా వేడిచేసి వంపు సరిచేయడం కుదరదు కాబట్టి ఒంటి బరువు, నడక చూసి మొదటే సరైన గట్టిదనం ఎంచాలి. పాదం మీద పుండు ఉంటే వద్దు.

ఏది వేసినా చెప్పు మడమ ఎత్తు మార్చకండి. మొన్న ఆకు స్ప్రింగు వేసుకున్న ఒకావిడ "బాబూ, నెల నుంచి మోకాలు ముందుకు తోసేస్తాంది" అంటూ వచ్చింది. స్ప్రింగు బాగానే ఉంది. మనవడి పెళ్ళికి కొన్న కొత్త చెప్పులు కాలికున్నాయి. పాత జత సంచిలోంచి తీయించి, రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచాను. మడమ దగ్గర కొత్తవి ఒక సెంటీమీటరు ఎత్తు. పాతవి తొడుక్కుని వడపళని బస్టాండుదాకా నడిచే వెళ్ళింది.