అడవినాభి: దుంప నాటాలా, గింజ వేయాలా?

తొలకరి దగ్గరపడితే చాలు, ఎవరో ఒకరు నన్ను ఈ ప్రశ్న అడుగుతారు. అడవినాభి తీగ పూసినప్పుడు చూసినవారికి దాన్ని ఇంట్లో పెంచుకోవాలనిపించడం సహజమే. ఆరు రేకులూ అంచుల్లో అలలు తిరిగి, వెనక్కి మడుచుకుని పైకి లేస్తాయి. మొదట పసుపు, ఎరుపు కలిసి ఉండే పువ్వు రోజులు గడిచేకొద్దీ పూర్తిగా ఎర్రబారుతుంది. దీనికి అగ్నిశిఖ అని మరో పేరు ఎందుకు వచ్చిందో చూస్తేనే తెలుస్తుంది.

తొందరగా పూలు చూడాలనుకుంటే దుంపే మేలు, అందులో సందేహం లేదు. నీరు నిలవని, ఇసుక కలిసిన మట్టిలో నాలుగు వేళ్ల లోతున అడ్డంగా పడుకోబెడితే బలమైన దుంప ఆ వానాకాలంలోనే పూస్తుంది. గింజ అలా కాదు. మొలవడానికే నెల నుంచి మూడు నెలలు పట్టవచ్చు, అవీ అన్నీ ఒక్కసారిగా మొలవవు. పూలు పూయడానికి సాధారణంగా మూడు నాలుగేళ్లు ఆగాలి.

అయినా నా మొగ్గు గింజ వైపే. దానికి కారణం తెలియాలంటే ఆ దుంప ఎలాంటిదో కాస్త చూడాలి. నాగలి ఆకారంలో ఉంటుంది కనుకనే సంస్కృతంలో దీన్ని లాంగలి అన్నారు. ఆలుగడ్డకు ఒంటినిండా కళ్లుంటాయి, ముక్కలు కోసి నాటుకోవచ్చు. దీనికి అలా కుదరదు. మొలకెత్తే మొగ్గ ఈ దుంపకు చేయిలా ఉండే ఒక్కో కొమ్ము కొనలో ఒక్కటే ఉంటుంది. ఆ కొన చిట్లిందా, ఆ కొమ్ము ఎంత లావుగా ఉన్నా ఇక మొలవదు. నేను మొదటిసారి డబ్బు పెట్టి కొన్న మూడు దుంపల్లో రెండింటికి కొనలు విరిగిపోయి ఉన్నాయి. ఆ సంగతి తెలియక రెండు నెలలు ఖాళీ మట్టికి నీళ్లు పోశాను.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. పాత దుంప తనలోని సత్తువంతా తీగకు పోసి ముడుచుకుపోతుంది. ఆ తీగ ఎండేలోపు భూమిలో కొత్త దుంపను తయారు చేసుకుంటుంది. అంటే వానలు వెళ్లి తీగ ఎండిపోయాక ఆ మొక్క ప్రాణమంతా ఆ దుంపలోనే ఉంటుంది. దాన్ని తవ్వి తెస్తే అక్కడ ఇక ఆ మొక్క లేనట్టే. గింజల సంగతి వేరు. ఒక కాయ పండి మూడుగా విచ్చుకుంటే లోపల నారింజ ఎరుపు గింజలు ఎన్నో కనిపిస్తాయి. వాటిలో ఐదారు తీసుకుని మిగతావి వదిలేస్తే తల్లి మొక్కకు వచ్చే నష్టమేమీ లేదు.

మొక్క లేకుండా పోతుందన్న ఈ భయం ఊరికే చెబుతున్నది కాదు. ఈ మొక్కలో ఉండే కొల్చిసిన్ అనే పదార్థం గౌట్ అనే కీళ్ల జబ్బుకు మందు. అందుకే తమిళనాడులో దీన్ని గింజల కోసం పొలాల్లో సాగు చేస్తారు, అక్కడ ఇది రాష్ట్ర పుష్పం కూడా. ఆ సాగుకు కావలసిన దుంపలను అడవుల నుంచి, కంచెల నుంచి తవ్వి తేవడం వల్ల కూడా సహజంగా పెరిగే చోట ఇది పలచబడింది. కాబట్టి దుంప కొనే ముందు అది ఎవరి తోటలో పెరిగిందో అడగండి. సరైన జవాబు రాకపోతే కొనకండి. తెలిసినవారి కుండీలో పిలకలు పెరిగి, వారే పంచి ఇస్తే మాత్రం నిశ్చింతగా తీసుకోండి.

గింజతో ఇంకో లాభం ఉంది. దుంప నుంచి వచ్చేది తల్లికి అచ్చు నకలు, గింజ మొక్కలు మాత్రం దేనికది వేరు. ఇప్పటికే మీ దగ్గర తీగ ఉంటే గింజలు మీరే పట్టుకోవచ్చు. ఈ పువ్వులో కీలం (పుప్పొడిని అందుకునే కాడ) పుప్పొడి ఉండే కేసరాలకు దూరంగా పక్కకు వంగి ఉంటుంది కనుక సీతాకోకచిలుకలో, తేనెపిట్టలో రాకపోతే కాయ పట్టడం కష్టం. మెత్తని కుంచెతో పుప్పొడిని కీలం కొనకు అద్దితే సరిపోతుంది.

టిష్యూకల్చర్ మొక్కలు, అంటే ప్రయోగశాలలో మొక్క కణజాలం నుంచి పెంచినవి, దొరికితే అవీ మంచివే. తీగ ముక్కలు గుచ్చి పెంచుదామన్న ఆలోచన మాత్రం మానుకోండి.

దుంపైనా గింజైనా విషం ఒక్కటే. మొక్కలో ప్రతి భాగమూ ప్రమాదకరమే, ఆ రెండింటిలో మరీ ఎక్కువ. దుంపను తినే గడ్డగా పొరబడి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. వంటింటి దుంపల దగ్గర దీన్ని ఎప్పుడూ ఉంచకండి, తొడుగులు లేకుండా ముట్టుకోకండి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు గానీ, మేసే పశువులు గానీ ఉన్న ఇంట్లో ఏది మేలు అని నన్ను అడిగితే రెండూ వద్దనే అంటాను.

గింజ వేసేవారు పైనున్న కండను కడిగి, ఒక రోజు నానబెట్టి, ఇసుక మట్టిలో గోరు లోతున వేయండి. మొదటి ఏడాది నాలుగు ఆకులు, బఠాణీ గింజంత దుంప, అంతే. ఆ ఆకులు ఎండగానే మొక్క చచ్చిపోయిందనుకుని కుండీ బోర్లించేవారిని చాలామందిని చూశాను. అది నిద్రపోతోంది. ఆ సమయంలో నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. కుండీకి పేరు రాసి, తడి తగలని నీడలో పెట్టి, మళ్లీ తొలకరికి బయటకు తెండి.