ఎల్‌ఎల్‌ఆర్‌తో ఆఫీసుకి కారు: థర్డ్ పార్టీ చాలా, ఫుల్ ఇన్సూరెన్స్ కావాలా?

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) చేతికొచ్చింది, ఇంట్లో కారుంది, సోమవారం నుంచి ఆఫీసుకి అందులోనే వెళ్దామనుకుంటున్నారు. ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలి అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే, పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు? దానికి జవాబు లేకపోతే ఫుల్ ఇన్సూరెన్స్‌కి కట్టిన డబ్బు దండగే.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 3వది చూడండి. ఎల్‌ఎల్‌ఆర్ మీద నడిపేవాళ్ళ పక్కన పక్కా లైసెన్స్ ఉన్న మనిషి, అవసరమైతే బండి ఆపగలిగేలా కూర్చుని ఉండాలి, కారు ముందూ వెనకా తెల్లటి దాని మీద ఎర్ర 'ఎల్' కనపడాలి. పాలసీ కాగితాల్లో డ్రైవర్ క్లాజ్ అని ఉంటుంది, ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్ళు కూడా నడపొచ్చు కానీ ఈ నిబంధన పాటించాలి అని అందులోనే రాసి ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకబ్బాయి, పొద్దున్నే ట్రాఫిక్ ఉండదు కదా అని ఒక్కడే బయల్దేరి డివైడర్‌ని గుద్దాడు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, ప్రీమియం సరిగ్గా కట్టారు, అయినా పక్కన ఎవరూ లేరని తేలాక క్లెయిమ్ రాలేదు, రిపేరు ఖర్చంతా వాళ్ళ నాన్న అప్పు చేసి కట్టారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక థర్డ్ పార్టీ. ఇది చట్టప్రకారం ఎలాగూ ఉండాల్సిందే. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం 1000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ దాకా 3,416, పైన 18 శాతం జీఎస్టీ. ఎదుటివాళ్ళు గాయపడినా చనిపోయినా పరిహారం వస్తుంది, ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా. మీ కారుకి మాత్రం పైసా రాదు. ఎల్‌ఎల్‌ఆర్ కూడా లైసెన్సే అని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి బాధితులకి అన్యాయం జరగదు, కానీ షరతులు తప్పారని తేలితే కంపెనీ ముందు వాళ్ళకి కట్టి ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలుంది. ఆర్‌సీ నాన్న పేరు మీద ఉంటే ఆ బరువు ఆయన మీద పడుతుంది.

ఫుల్ ఇన్సూరెన్స్ అయితే మీ కారు కూడా కవర్ అవుతుంది, కొత్త చేతికి గీతలూ సొట్టలూ తప్పవు కాబట్టి బాగానే ఉందనిపిస్తుంది. అయితే లెక్క చూడండి. బంపర్ 8,000 అనుకుందాం, ప్లాస్టిక్ కాబట్టి సగం తరుగు (వాడకం వల్ల తగ్గిన విలువ) కింద పోతుంది, 1500 సీసీ లోపు కారుకి ఇంకో 1,000 మనమే పెట్టుకోవాలి, చేతికొచ్చేది 3,000, దానికోసం మరుసటి ఏడాది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. జీరో డెప్ అనే అదనపు కవర్ ఉంటే ఈ తరుగు బాధ ఉండదు, కారు ఐదేళ్ళు దాటితే అది దొరకడం కష్టం.

కిలోమీటర్ల లెక్కన కట్టే పాలసీలు కూడా వచ్చాయి, 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతించింది. రోజూ ఆఫీసుకి తిరిగేవాళ్ళకి ఇది నాకు నచ్చలేదు. రానూపోనూ 25 కిలోమీటర్లు, నెలకి 22 రోజులు వేసుకున్నా ఏడాదికి 6,600 అవుతుంది, 5,000 కిలోమీటర్ల స్లాబ్ తీసుకుంటే మధ్యలోనే అయిపోయి టాప్‌అప్ చేసుకోవాలి. ఆదివారాలు మాత్రమే తీసేవాళ్ళకి ఓకే.

నా మాట ఇది. కారు ఐదేళ్ళ లోపుదైతే, పక్కన కూర్చునే మనిషి ఖాయంగా ఉంటే, ఫుల్ ఇన్సూరెన్స్ జీరో డెప్‌తో తీసుకోండి, మొదటి ఏడాదే దాని అవసరం ఎక్కువ. కారు బాగా పాతదై, పోయినా మీరు తట్టుకోగల ధరైతే థర్డ్ పార్టీ చాలు, మిగిలిన డబ్బు రిపేర్లకి పక్కన పెట్టుకోండి. బావ దగ్గరో స్నేహితుడి దగ్గరో కొన్న కారైతే కారు మీకు బదిలీ అయిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకి మార్చమని రాయాలి, పాత యజమాని బోనస్ మీకు రాదు. 15 లక్షల ప్రమాద బీమా కూడా ఓనర్ డ్రైవర్‌కే వర్తిస్తుంది, నాన్న కారు నడిపే కొడుక్కి కాదు, కాబట్టి మీకు విడిగా ఒకటి తీసుకోండి.

పక్కన కూర్చునేవాళ్ళు దొరక్కపోతే, ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజులకి టెస్ట్ ఇవ్వొచ్చు, ముందే స్లాట్ చూసుకోండి. అప్పటిదాకా హైదరాబాద్‌లో మియాపూర్ వైపు వాళ్ళు మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగండి, ఆదివారం పొద్దున లైసెన్స్ ఉన్న అన్ననో అక్కనో పక్కన కూర్చోబెట్టుకుని అదే ఆఫీసు దారిలో కారు తీయండి.